మర్డాక్ ఇంటి పంపకాలు: 1999 విడాకుల నుంచి 2025 రాజీ దాకా

అడిగిన ప్రశ్న ఇది: "రూపర్ట్ మర్డాక్‌కి ఐదు పెళ్లిళ్లు, ఆరుగురు పిల్లలు. కొడుకు లాక్లన్‌కి పెత్తనం రాసిద్దామని 2024లో కోర్టుకెళ్లి ఓడిపోయాడన్నారు. ఏడాది తిరక్కుండానే పెత్తనం లాక్లన్‌కే దక్కిందన్నారు. రెండూ ఎలా నిజమవుతాయి? ఇంటి గొడవలకీ కంపెనీకీ లంకె ఏమిటి? ఇలాంటి ట్రస్టు మన దగ్గర పెట్టుకోవచ్చా?"

రెండూ నిజమే. కోర్టులో ఓడాడు, ఆ తర్వాత డబ్బిచ్చి కొనుక్కున్నాడు. అది అర్థం కావాలంటే ఒక విషయం ముందు తెలియాలి. ఆ ఇంట్లో ఆస్తి వేరు, ఓటు వేరు. అరవై ఏళ్లకు పైగా ఆ కుటుంబంలో జరిగిన పెళ్లిళ్లు, విడాకులు, అన్నదమ్ముల అలకలు అన్నీ ఈ రెండింటి మధ్య ఉన్న గీత మీదే నడిచాయి.

ఫాక్స్ కార్పొరేషన్, న్యూస్ కార్ప్ అని ఇప్పుడు రెండు కంపెనీలున్నాయి. ఫాక్స్ న్యూస్ చానల్ మొదటిదానిది. వాల్ స్ట్రీట్ జర్నల్, లండన్ టైమ్స్, ఆస్ట్రేలియా పత్రికలు, హార్పర్‌కాలిన్స్ ప్రచురణలు రెండోదానివి. రెండింటిలోనూ షేర్లు రెండు రకాలు. 'ఎ' క్లాసు షేరు కొంటే డివిడెండు వస్తుంది, ఓటు రాదు. 'బి' క్లాసు షేరుకు ఓటుంది. 2025 దాకా మర్డాక్ కుటుంబ ట్రస్టు చేతిలో ఈ బి షేర్లలో రెండు కంపెనీల్లోనూ 40 శాతం చుట్టూ ఉండేవి. న్యూస్ కార్ప్‌నే తీసుకుంటే, ఎ, బి కలిపి మొత్తం షేర్లలో అది సుమారు ఏడో వంతు. ఏడో వంతు ఆస్తితో కంపెనీ మొత్తాన్ని ఏలడం అన్నమాట. మిగతా బి షేర్లు వేలమంది చేతుల్లో చెదిరి ఉంటాయి కాబట్టి 40 శాతం ఒక్క చేతిలో ఉంటే బోర్డును ఎన్నుకోవడానికి అదే చాలు. ఆ 40 శాతం నాలుగు ముక్కలైతే మాత్రం ఏ ముక్కకీ బలం ఉండదు. రూపర్ట్ జీవితమంతా భయపడింది ఆ ముక్కలకే.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1952 అక్టోబరులో తండ్రి సర్ కీత్ మర్డాక్ చనిపోయేనాటికి రూపర్ట్‌కి 21 ఏళ్లు, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్నాడు. కీత్ మెల్‌బోర్న్‌లో హెరాల్డ్ అండ్ వీక్లీ టైమ్స్ సంస్థను నడిపించిన పెద్ద మనిషి, కానీ అందులో సొంత వాటా తక్కువ. నడిపినవాడు పోతే నడిపిన సంస్థ ఇంటివాళ్లకి రాదు. ఇంటికి మిగిలినవి సొంతంగా సంపాదించిన వాటాలు: అడిలైడ్‌లోని న్యూస్, బ్రిస్బేన్‌లోని కొరియర్-మెయిల్. కొడుకు పత్రికా రంగంలో పనికొచ్చే జీవితం గడపాలని కీత్ వీలునామాలో కోరుకున్నాడు. మరణ పన్ను, అప్పులు తీర్చాల్సి వచ్చేసరికి తల్లి ఎలిజబెత్ కొరియర్-మెయిల్ వాటా అమ్మేసింది. రూపర్ట్ వద్దన్నాడు, ఆవిడ వినలేదు. కొన్నది హెరాల్డ్ సంస్థే. 35 ఏళ్లు ఆగి, 1987లో రూపర్ట్ ఆ హెరాల్డ్ సంస్థనే మొత్తంగా కొనేశాడు. ఆ తర్వాత కుటుంబ సంస్థలో అక్క, ఇద్దరు చెల్లెళ్ల వాటాలు కూడా డబ్బిచ్చి తీసుకున్నాడు. తోడబుట్టినవాళ్లకు నగదు, తనకు ఓట్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, 2025లో మళ్లీ ఇదే పద్ధతి వస్తుంది.

ఇక పెళ్లిళ్లు. 1956లో పెట్రీషియా బుకర్‌ని చేసుకున్నాడు, 1958లో ప్రూడెన్స్ పుట్టింది, 1967లో విడిపోయారు. అదే ఏడాది అన్నా టోర్వ్ అనే ఆవిడని పెళ్లాడాడు. సిడ్నీలో తన పత్రికలోనే విలేకరిగా పనిచేసిన మనిషి ఆవిడ. ఎలిజబెత్ (1968), లాక్లన్ (1971), జేమ్స్ (1972) ఆవిడ పిల్లలు. 32 ఏళ్ల కాపురం.

ఆ కాపురంలో ఒక ఘోరం గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 1969 చివర్లో, లండన్‌లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్, సన్ పత్రికలు కొన్న కొత్తలో, దంపతులు ఆస్ట్రేలియా వెళుతూ తమ రోల్స్ రాయిస్ కారును సంస్థలో రెండో స్థానంలో ఉన్న అలిక్ మెకేకి ఇచ్చారు. డబ్బు కోసం అన్నాని ఎత్తుకుపోదామని కాచుకున్న ఇద్దరు అన్నదమ్ములు ఆ కారు వెంటపడి వెళ్లి, మెకే ఇంట్లో ఉన్నావిడే మర్డాక్ భార్య అనుకుని మ్యూరియల్ మెకేని తీసుకుపోయారు. ఆవిడ శవం కూడా దొరకలేదు. 1970లో నేరం రుజువైంది. ఒక యజమాని సంపద మరో ఇంటి మనిషి ప్రాణం తీసిన సంగతి అది. మర్డాక్ గురించి రాసేటప్పుడు దాన్ని వదిలేయడం నాకు న్యాయంగా అనిపించదు. అన్నా లండన్‌లో ఇమడలేకపోవడానికి అదీ ఒక కారణం. 1970ల్లో కుటుంబం న్యూయార్క్ చేరింది. 1985 సెప్టెంబరులో రూపర్ట్ అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీయులు అక్కడి టీవీ స్టేషన్లలో నాలుగో వంతుకు మించి పట్టు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఆయనేమో స్టేషన్లు కొనే బేరంలో ఉన్నాడు. పౌరసత్వం లాంటి సొంత విషయం కూడా లైసెన్సు అవసరాన్ని బట్టే తేలింది.

అసలు ముడి పడింది 1998-99లో. అన్నాతో విడాకులు 1999 జూన్‌లో ఖరారయ్యాయి. 17 రోజులకి, జూన్ 25న, న్యూయార్క్ ఓడరేవులో మార్నింగ్ గ్లోరీ అనే తన పడవలో వెండీ డెంగ్‌ని పెళ్లి చేసుకున్నాడు. హాంకాంగ్‌లో స్టార్ టీవీలో పనిచేస్తుండగా పరిచయమైంది ఆవిడ. ఆయనకి అప్పటికి 68. కొత్త భార్య వల్ల ఇంకా పిల్లలు పుడతారేమో, అప్పుడు తన పిల్లలకి, ప్రూడెన్స్‌కి దక్కాల్సింది పల్చబడుతుందేమో అని అన్నా ముందే చూసింది. భరణం పెంచమని అడగడం కన్నా, ఈ నలుగురి హక్కు రాయించడం మీద ఆవిడ పట్టుబట్టిందని ఆ విడాకుల గురించి తెలిసినవాళ్లంతా చెప్పేమాట. సవతి కూతురు ప్రూడెన్స్‌నీ తన ముగ్గురితో సమానంగా కూర్చోబెట్టింది. నా ఉద్దేశంలో ఈ కథ మొత్తం మీద అందరికన్నా దూరం చూసిన మనిషి అన్నాయే.

ట్రస్టు ఎలా కట్టారో చూడండి, ఇక్కడే కిటుకంతా ఉంది. షేర్లు రూపర్ట్ పేరు మీద ఉండవు, ట్రస్టు పేరు మీద ఉంటాయి. ట్రస్టును నడిపే ట్రస్టీ ఒక మనిషి కాదు, క్రూడెన్ ఫైనాన్షియల్ సర్వీసెస్ అనే సంస్థ. (క్రూడెన్ అనేది మెల్‌బోర్న్ పక్కన కుటుంబం పొలం పేరు. 1928లో కీత్ పెళ్లికానుకగా భార్యకిచ్చాడు. స్కాట్లండ్‌లో వాళ్ల పూర్వీకుల ఊరి పేరే పెట్టాడు.) ఆ సంస్థలో మొత్తం ఎనిమిది ఓట్లు. నాలుగు రూపర్ట్‌వి. నలుగురు పెద్దపిల్లలకి తలా ఒకటి. నలుగురూ ఏకమైనా తండ్రిని దాటలేరు, నాలుగుకి నాలుగు దగ్గర ఆగుతుంది. తండ్రి నలుగురిలో ఒక్కరిని తనవైపు తిప్పుకుంటే చాలు, ఐదు-మూడు. బతికున్నంత కాలం పెత్తనం ఆయనదే. ఆయన పోయాక ఆ నాలుగు ఓట్లు ఎవరికీ ప్రత్యేకంగా పోవు. పిల్లలు నలుగురూ సమాన ఓట్లతో మిగులుతారు.

దాని పక్కనే మరో షరతు: ఈ ట్రస్టు రద్దు చేయడానికి వీల్లేనిది. రాసినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు. మార్చుకోవడానికి ఒకే ఒక్క సందు వదిలారు. సదుద్దేశంతో, కేవలం లబ్ధిదారుల మేలు కోసమే అయితే మార్చవచ్చు. ట్రస్టు గడువు 2030 వరకు. పాతికేళ్ల తర్వాత కోట్ల డాలర్ల కేసు నడిచింది ఈ ఒక్క వాక్యం మీదే.

వెండీకి గ్రేస్ (2001), క్లోయీ (2003) పుట్టారు. వీళ్లనీ ట్రస్టులో సమానంగా చేర్చాలని రూపర్ట్ అడిగితే పెద్దవాళ్లు ఆస్తికి ఒప్పుకున్నారు, ఓటుకి ఒప్పుకోలేదు. చిన్నపిల్లలకి డబ్బులో సమాన వాటా ఉంటుంది, ఓటు ఉండదని 2006లో ఒక టీవీ ఇంటర్వ్యూలో రూపర్ట్ తన నోటితోనే చెప్పాడు. ఇంట్లో అది పెద్ద గొడవ అయిందని వేరే చెప్పనక్కర్లేదు. 2013లో వెండీతో విడాకులైనప్పుడు ఇళ్లు చేతులు మారాయి గానీ ఒక్క ఓటు కూడా కదల్లేదు. జెర్రీ హాల్‌తో పెళ్లి (2016), విడాకులు (2022), ఎలీనా జుకోవాతో 2024 జూన్ 1న లాస్ ఏంజెలెస్ బెల్ ఎయిర్‌లోని తన ద్రాక్షతోట మొరాగాలో జరిగిన పెళ్లి... వీటి గురించి పత్రికలు రాసినంతగా కంపెనీ లెక్కల్లో వీటికి చోటు లేదు. 1999లో గోడ కట్టేశారు. ఆ తర్వాత వచ్చిన భార్యలందరూ ఆ గోడకి ఇవతలే. మొరాగా, 2021లో కొన్న మోంటానా పశువుల క్షేత్రం, ఆస్ట్రేలియాలో యాస్ దగ్గరి కవాన్ పొలం లాంటి వాటికీ ఈ ఓటు షేర్లకీ లంకె పెట్టుకోకండి. ఇళ్లూ పొలాలూ ఎవరికి పోయినా ఫాక్స్ బోర్డులో ఒక్క కుర్చీ కూడా కదలదు.

పిల్లల మధ్య పడకపోవడం ఒక్కరోజులో వచ్చింది కాదు. ముగ్గురినీ తండ్రి వంతులవారీగా వారసుడి పీట మీద కూర్చోబెట్టి లేపాడు. లాక్లన్ 2005లో న్యూయార్క్‌లో తండ్రి కింది పెద్దలతో పొసగక ఉద్యోగం మానేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. జేమ్స్ 2003లో ముప్ఫై ఏళ్లకే బ్రిటన్‌లో బీస్కైబీ అనే శాటిలైట్ టీవీ సంస్థకి అధిపతి అయ్యాడు. 2011లో ఫోన్ల హ్యాకింగ్ కుంభకోణంలో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ మూతపడ్డాక ఆ మచ్చ ఎక్కువగా అతని మీద పడింది. ఎలిజబెత్ సొంతంగా పెట్టిన షైన్ అనే నిర్మాణ సంస్థను 2011లో తండ్రి కంపెనీ 41.5 కోట్ల పౌండ్లకి కొన్నది. కూతురికి మేలు చేసే బేరమని వాటాదార్లు కోర్టుకెక్కారు. మరుసటేడు ఎడిన్‌బరోలో టీవీ రంగం వాళ్ల ముందు ప్రసంగిస్తూ, తమ్ముడు జేమ్స్ అంతకుముందు అదే వేదిక మీద చెప్పిన మాటల్ని ఆవిడ బాహాటంగా తప్పుబట్టింది. 2014లో లాక్లన్ తిరిగొచ్చాడు. 2019 మార్చిలో తమ కంపెనీ 21వ సెంచరీ ఫాక్స్‌లో పెద్ద భాగాన్ని డిస్నీకి 7,130 కోట్ల డాలర్లకి అమ్మేశాక ఆరుగురు పిల్లలకీ తలా 200 కోట్ల డాలర్ల దాకా వచ్చిందని లెక్క. డబ్బు చేతికొచ్చాక మొహమాటం తగ్గింది. జేమ్స్ 2020 జులైలో పత్రికల సంపాదకీయ ధోరణి నచ్చక న్యూస్ కార్ప్ బోర్డుకి రాజీనామా ఇచ్చాడు. ట్రంప్ పక్షాన నిలిచే ఫాక్స్ న్యూస్ ధోరణి అతనికి పడదు. లాక్లన్‌కి అదే వ్యాపారం.

ఇక్కడ వాల్ స్ట్రీట్ జర్నల్‌ని నడిపే డౌ జోన్స్ అనే సంస్థ సంగతి చెప్పాలి. 2007లో వాల్ స్ట్రీట్ జర్నల్‌ని రూపర్ట్ కొన్నది బాంక్రాఫ్ట్ కుటుంబం దగ్గర. వాళ్లదీ ఇదే పద్ధతి: ఓటు షేర్లు, ట్రస్టులు, 60 శాతం పైచిలుకు ఓట్లు. వందేళ్లుగా ఎవరూ తాకలేకపోయారు. కానీ ఆ ఓట్లు మూడు తరాల్లో ముప్ఫై మందికి పైగా పంచుకుపోయాయి. మార్కెట్లో 36 డాలర్ల చుట్టూ ఉన్న షేరుకి రూపర్ట్ 60 డాలర్లు ఇస్తానన్నాడు. కుటుంబం మొదట కాదంది, మూడు నెలల్లో చీలింది, సుమారు 500 కోట్ల డాలర్లకి పత్రిక చేతులు మారింది. చీలిన కుటుంబ ట్రస్టును ఎలా కొనాలో ఆయనకి స్వయంగా తెలుసు. తన పిల్లల్ని చూసినప్పుడల్లా ఆయనకి బాంక్రాఫ్టులే కనపడి ఉంటారని నా నమ్మకం.

2023 నవంబరులో రెండు కంపెనీల అధ్యక్ష పదవులూ వదిలి లాక్లన్‌కి అప్పజెప్పాడు. పదవి ఇవ్వడం తేలికే, ఓట్లు ఇవ్వడమే కుదరదు. తాను పోయిన మర్నాడు ప్రూడెన్స్, ఎలిజబెత్, జేమ్స్ ముగ్గురూ కలిస్తే లాక్లన్‌ని తీసేయవచ్చు, మూడుకి ఒకటి. అందుకని ఆ ఏడాది చివర్లోనే ట్రస్టు సవరణకి పూనుకున్నాడు. నలుగురికీ డబ్బు సమానంగానే వస్తుంది, ఓటు పెత్తనం మాత్రం లాక్లన్‌ది. దీనికి పెట్టుకున్న పేరు 'ప్రాజెక్ట్ ఫ్యామిలీ హార్మనీ', అంటే కుటుంబ సామరస్యం. ముగ్గురూ ఎదురు తిరిగారు. ట్రస్టు నెవాడా రాష్ట్రంలో ఉంది కాబట్టి 2024 సెప్టెంబరులో రీనోలోని కోర్టులో, తలుపులు మూసి, విచారణ జరిగింది. కేసు కాగితాల మీద 'డో 1 ట్రస్ట్' అని తప్ప మర్డాక్ పేరే ఉండదు. నెవాడాని ఎంచుకునే వాళ్లకి కావలసింది ఇదే: కాగితాలు గోప్యంగా ఉంచుకోవచ్చు, రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ట్రస్టును 365 ఏళ్ల దాకా నడుపుకోవచ్చు.

రూపర్ట్ తరఫు వాదన ఇది: ఫాక్స్ విలువంతా దాని రాజకీయ ధోరణిలో ఉంది, దాన్ని మారిస్తే ప్రేక్షకులు పోతారు, షేరు పడుతుంది, కాబట్టి లాక్లన్ చేతిలో ఉంచడమే మిగతా ముగ్గురికీ మేలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ముగ్గురే వచ్చి 'మాకు ఈ మేలు వద్దు' అంటుంటే, వాళ్ల ఓటు లాక్కోవడం వాళ్ల మేలు కోసమేనని రుజువు చేయడం ఎవరి వల్లా కాదు. రెండో తప్పు కసరత్తు జరిగిన తీరులో ఉంది. ముందు ఫలితం నిర్ణయించుకుని, దానికి తగ్గట్టు కొత్త మనుషుల్ని ట్రస్టు నిర్వాహకులుగా తెచ్చి, హడావుడిగా ఓటేయించినట్టు కోర్టుకి కనపడింది. 2024 డిసెంబరులో కమిషనర్ ఎడ్మండ్ గోర్మన్ 96 పేజీల తీర్పులో దాన్ని జాగ్రత్తగా అల్లిన నాటకం అన్నాడు. సదుద్దేశం లేదని తేల్చాడు. సవరణ చెల్లలేదు. ట్రస్టు రాసే ప్రతి వకీలూ ఇక్కడ నేర్చుకోవలసింది ఒకటుంది. సందు ఎంత చిన్నదైనా దాని గుండా వెళ్లాలంటే ముందు స్వతంత్ర ట్రస్టీలు ఉండాలి, ప్రతి లబ్ధిదారుతోనూ విడివిడిగా మాట్లాడినట్టు రికార్డు ఉండాలి, ఎందుకు మారుస్తున్నారో ఆ రోజే రాసిపెట్టాలి. కేసు పడ్డాక పుట్టిన కారణాలు కోర్టులో నిలబడవు.

అప్పీలు చేస్తామన్నారు. కానీ 90 దాటిన మనిషికి అప్పీలు ఎన్నేళ్లు పడుతుందో అనే లెక్క ఇరుపక్షాలకీ ఉంటుంది. ముగ్గురి చేతిలో గెలుపుంది, కానీ ఆ గెలుపు ఓటుగా పనికొచ్చేది తండ్రి పోయాకే. లాక్లన్ చేతిలో ఓటమి ఉంది, పదవి కూడా ఉంది. ఇలాంటి చోట ధర తేలడమే మిగులుతుంది. 2025 సెప్టెంబరు 8న రాజీ ప్రకటించారు. ప్రూడెన్స్, ఎలిజబెత్, జేమ్స్ ట్రస్టు నుంచి పూర్తిగా తప్పుకుంటారు, తలా సుమారు 110 కోట్ల డాలర్లు అందుతాయి. అంటే మొత్తం 330 కోట్లు.

ఆ డబ్బు ఎక్కణ్ణుంచి? ఇది చాలామంది పట్టించుకోని భాగం. కొంత కోసం ట్రస్టు తన బి షేర్లే అమ్మింది: ఫాక్స్‌లో సుమారు 1.69 కోట్ల షేర్లు, న్యూస్ కార్ప్‌లో సుమారు 1.42 కోట్ల షేర్లు. అమ్మినంత మేర ఓటు తగ్గుతుంది. కొత్తగా పెట్టిన ఎల్‌జీసీ హోల్డ్‌కో చేతిలో ఇప్పుడు ఫాక్స్ ఓట్లలో 36 శాతం చుట్టూ, న్యూస్ కార్ప్‌లో 33 శాతం చుట్టూ ఉన్నాయి. ఎల్ అంటే లాక్లన్, జీ గ్రేస్, సీ క్లోయీ. పేరులోనే ఎవరు మిగిలారో తెలుస్తుంది. నలుగురి మధ్య చీలిపోగల 40 శాతం కన్నా, ఒక్కడి చేతిలో గట్టిగా ఉన్న 35 శాతం బలమైనది. లాక్లన్ కొన్నది ఆ గట్టిదనాన్నే. తప్పుకున్న ముగ్గురూ ఈ కంపెనీల షేర్లు మళ్లీ కొనకూడదనే షరతు కూడా పెట్టారు, బయట మరొక మదుపరితో కలిసి వెనక తలుపు నుంచి రాకుండా. 2004లో జాన్ మెలోన్ అనే కేబుల్ వ్యాపారి నిశ్శబ్దంగా ఓట్లు పోగేసుకున్నప్పుడు, అతన్ని వదిలించుకోవడానికి డైరెక్‌టీవీ అనే అమెరికా శాటిలైట్ టీవీ సంస్థలో 38.5 శాతం వాటా ఇచ్చుకోవలసి వచ్చింది, అదీ 2008 నాటికి. ఆ పాఠం ఈ షరతులో ఉంది.

తెలుగువాళ్లకి ఇదంతా దూరపు కథ కాదు. 1993లో రూపర్ట్ స్టార్ టీవీలో 63.6 శాతాన్ని 52.5 కోట్ల డాలర్లకి కొన్నాడు. 2000 నుంచి 2003 దాకా హాంకాంగ్‌లో కూర్చుని స్టార్‌ని నడిపింది జేమ్స్. 2015లో స్టార్ ఇండియా మా టీవీ ప్రసార వ్యాపారాన్ని కొన్నది, అది తర్వాత స్టార్ మా అయింది. 2019 డిస్నీ అమ్మకంలో స్టార్ ఇండియాతో పాటు అదీ వెళ్లింది, 2024లో రిలయన్స్‌తో కలిసి జియోస్టార్ కిందకి వచ్చింది. సాయంత్రం మన ఇంట్లో సీరియల్ వచ్చే చానల్ నాలుగేళ్లు మర్డాక్ ఓట్ల కింద ఉంది.

ఇక చివరి ప్రశ్న, మన దగ్గర ఇలా పెట్టుకోవచ్చా. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం కింద ప్రైవేటు ట్రస్టు పెట్టుకోవచ్చు. భూమి, ఇల్లు అందులో పెడితే దస్తావేజు రిజిస్టర్ చేయించాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి. షేర్లే అయితే ఆ బాధ తక్కువ. రద్దు చేసుకునే హక్కు మీ దగ్గర ఉంచుకుంటే ఆదాయం మీ ఖాతాలోనే పన్నుకి వస్తుంది. లబ్ధిదారుల వాటాలు తేల్చకుండా ట్రస్టీ ఇష్టానికి వదిలితే సాధారణంగా గరిష్ఠ రేటు పన్ను. నెవాడాలోలాగా 365 ఏళ్లు కుదరదు. ట్రస్టు రాసేనాటికి బతికున్నవాళ్ల జీవితకాలం, ఆపైన పుట్టబోయేవాడికి మైనారిటీ తీరేదాకా, అంతే. దానికి మించి రాస్తే ఆ భాగం చెల్లదు.

ఉమ్మడి ఆస్తి దగ్గర మనవాళ్లు ఎక్కువగా తప్పు చేస్తారు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిని కర్త, అంటే ఉమ్మడి కుటుంబం పెద్ద, తన ఇష్టానికి ట్రస్టులో పడేయలేడు. పంపకం జరిగి చేతికొచ్చిన తన వాటా వరకే ఆయన హక్కు. కూతుళ్ల వాటా మరిచిపోయి రాసిన దస్తావేజులు కోర్టుల్లో పడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి 1986లో తెచ్చిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి పుట్టుకతో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అన్నా ప్రూడెన్స్‌ని, ఎలిజబెత్‌ని లాక్లన్ పక్కన సమానంగా నిలబెట్టడానికి విడాకుల్లో బేరమాడాల్సి వచ్చింది. మన దగ్గర ఉమ్మడి ఆస్తి వరకు ఆ పని చట్టమే చేసింది. స్వార్జితం మాత్రం వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు.

ఓటు, ఆస్తి విడదీయడం మన లిస్టెడ్ కంపెనీల్లో దాదాపు కుదరదు. ఎక్కువ ఓట్ల షేర్లు కొత్తగా ఇవ్వకుండా 2009లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడ్డుకట్ట వేసింది. 2019లో సాంకేతిక కంపెనీల వ్యవస్థాపకులకి మాత్రం కొంత సడలించింది. కుటుంబాలు వాడుకునే దారి మరొకటి ఉంది. లిస్టెడ్ కంపెనీ షేర్లన్నీ ఒక ప్రైవేటు లిమిటెడ్ హోల్డింగ్ సంస్థలో పెట్టి, ఆ ప్రైవేటు సంస్థ నియమావళిలో (ఆర్టికల్స్) ఓట్లు ఎవరికెన్నో రాసుకుంటారు. ప్రైవేటు సంస్థలకి 2015 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ప్రమోటరు షేర్లు నేరుగా ట్రస్టుకి మార్చాలంటే ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదార్ల షేర్లు కూడా కొంటామని ప్రకటించాల్సి రావడం) రాకుండా ముందే సెబీ మినహాయింపు తీసుకోవాలి. 2017 డిసెంబరు సర్క్యులర్ ప్రకారం లబ్ధిదారులు ప్రమోటర్లు, వాళ్ల దగ్గరి బంధువులు, వాళ్ల సంతానం మాత్రమే అయ్యుండాలి.

దస్తావేజు రాయించేటప్పుడు వకీలుని మూడు సంగతులు అడగండి. ఓట్లు సమానంగా చీలితే ఎవరి మాట చెల్లుతుంది. ఒకరు తప్పుకోవాలంటే వాళ్ల వాటాకి ధర ఎలా కడతారు, ఎన్నేళ్లలో చెల్లిస్తారు, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది. మీరు పోయాక మీ ఓటు ఎవరికి పోతుంది. మర్డాక్ ట్రస్టులో మూడోదానికి జవాబు ఉంది, ఆయనకి నచ్చని జవాబు. రెండోదానికి సరైన సూత్రం ముందే రాసి ఉంటే రీనో దాకా వెళ్లకుండానే 2019లో డిస్నీ డబ్బు వచ్చినప్పుడే తేలిపోయేదని నా అభిప్రాయం. నగదు అప్పుడు సమృద్ధిగా ఉంది, షేర్లు అమ్మి ఓట్లు తగ్గించుకునే పని ఉండేది కాదు.

కొత్త ఏర్పాటు గడువు 2050. గ్రేస్, క్లోయీలకి ఇందులోనూ డబ్బు ఉంది, ఓటు లాక్లన్ చేతిలోనే ఉంది. 2050 నాటికి లాక్లన్‌కి 79 వస్తాయి, గ్రేస్‌కి 49, క్లోయీకి 47. లాక్లన్‌కి ముగ్గురు పిల్లలు.